పూయించుటయా? పూయనిచ్చుటయా?

ఒక ప్రాణి వికసించుటకు వేరొక ప్రాణి చేయగలిగినది ఎంత? చేయదగినది ఎంత? ఈ రెండు ప్రశ్నలును ఒకటే యని మేము చిరకాలము భ్రమించితిమి. చేయగలిగినదంతయు చేయదగినదే యనియు, ఎంత చేసిన నంత ఫలము కలుగుననియు మా నమ్మకము. పురుషకారము గొప్పదా, దైవము గొప్పదా యని మన పెద్దలు శాస్త్రములలో చర్చించిరి. మాకంతటి శాస్త్రజ్ఞానము లేదు. మాకీ సందేహమును కలిగించినది ఒక కుండీలోని తీగ. దానిని పూయింపవలెనని మేము పడిన పాట్లును, అందు చేసిన తప్పులును, ఆ తప్పుల మూలమున మా యింటి పాత తప్పొకటి మాకు తెలియవచ్చిన విధమును పాఠక మహాశయులకు విన్నవించుకొందుము.

ఆ తీగ పేరు హోయా. దాని యాకులు దళసరిగా, నున్నగా, మైనము పూసినట్లుండును. పువ్వులును అట్టివే. అందుచేతనే ఇంగ్లీషువారు దీనిని మైనపు మొక్క యందురు. ఇండ్లలో ఎక్కువగా పెంచెడి జాతికి హోయా కార్నోసా యని శాస్త్రజ్ఞుల పేరు. అది చైనా, తైవాను, జపాను దక్షిణ ద్వీపములు మొదలగు తావులకు చెందినది. 1810వ సంవత్సరమున రాబర్టు బ్రౌను అను వృక్షశాస్త్రజ్ఞుడు థామస్ హోయ్ అను తోటమాలి పేరున ఈ ప్రజాతికి హోయా యని నామకరణము చేసెను. లండను సమీపమున సయన్ హౌస్ అను భవనమున నార్తంబర్లాండు ప్రభువుగారి తోటలకు ఆ హోయ్ పెద్ద తోటమాలి. తోట ప్రభువుది, పేరు మాత్రము తోటమాలిది నిలిచినది. లోకములో ఇట్టి న్యాయము అరుదు గనుక ఈ సంగతి మాకు నచ్చినది.

వినుటకు పేరు కొత్తదైనను ఈ మొక్క మనకు పరాయిది కాదు. జిల్లేడు ఏ కుటుంబములోనిదో ఇదియు ఆ కుటుంబములోనిదే. త్రుంచినచో పాలు కారుట, పువ్వులో ఐదు రేకుల నడుమ కిరీటము వంటి ఐదు మొనల కట్టడముండుట రెండింటికిని సమానము. రథసప్తమినాడు తలపై జిల్లేడాకు పెట్టుకొని స్నానము చేయు మన యిండ్లలో జిల్లేడు నెరుగనివారెవరు? పడమటి కనుమల యడవులలోను కొన్ని హోయా జాతులు కలవు. అందొకదానికి మద్రాసు రాజధానిలో పనిచేసిన రాబర్టు వైట్ అను వైద్యుని పేరు పెట్టిరి. ఇవి చెట్ల కొమ్మలను అల్లుకొని పెరుగును. బదనికవలె చెట్టు సారమును పీల్చవు. నిలుచుటకు చోటు మాత్రమే కోరును. ఇరుగుపొరుగు భాషల నడుమ తరతరములుగా బ్రతికిన మనబోటివారికి ఈ గుణము పరిచితమైనదే.

ఇక మా ప్రశ్న ఇది. అడవిలో ఈ తీగకు ఎరువు వేయువారు లేరు, నీరు పోయువారు లేరు, పూయుమని బ్రతిమాలువారు లేరు. అయినను అది పూచును. మరి మా యింట ఇంత సేవ జరుగుచుండగా ఏల పూయలేదు? ఇంటిలో దానికి తక్కువైనది ఏది? ఎక్కువైనది ఏది?

2011వ సంవత్సరమున బెంగళూరులో మా పొరుగింటి వృద్ధురాలు, కన్నడిగులు, తమ తీగనుండి రెండు కణుపుల ముక్కను కోసి మాకిచ్చిరి. అది త్వరలోనే వేరూని చిగిర్చెను. ఆకులు వచ్చెను, పువ్వు రాలేదు. మేము ఉత్సాహవంతులమైతిమి. ఆరంగుళముల కుండీ చాలదని తలచి పదియంగుళముల కుండీకి మార్చితిమి. మరుసటి యేడు మరియొక పెద్ద కుండీ తెచ్చితిమి. పశువుల ఎరువు వేసితిమి, చిటికెడు యూరియా చల్లితిమి, ఉదయసాయంకాలములు నీరు పోసితిమి. ఆకులు నిగనిగలాడెను. తీగ కిటికీ ఊచలను దాటి పైకప్పు నంటెను. వచ్చినవారెల్లరు మెచ్చుకొనిరి. పువ్వు మాత్రము రాలేదు.

దీనికి కారణము తరువాత తెలిసినది. హోయా వేళ్ళు కొంత ఇరుకుగా నున్నపుడే పూతకు వచ్చును. పెద్ద కుండీ యిచ్చిన యెడల ఆ కొత్త మన్నును వేళ్ళతో నింపుకొనుటకే దాని బలము వ్యయమగును. పైగా వేళ్ళు చేరని మన్ను ఎప్పుడును తడిగా నుండి కుళ్ళు పుట్టించును. చెట్టు కొమ్మపై బ్రతుకుటకు పుట్టిన వేరు అది. దానికి గాలి కావలెను, తడి ఆరుట కావలెను. కొబ్బరి పీచు, బొగ్గు, ఇటుక ముక్కలు కలిసిన గుల్ల మన్ను దానికి హితము. నత్రజని మిక్కుటముగా గల ఎరువు ఆకును పెంచునే గాని పూతను తేదు. దళసరి యాకులలో నీటిని దాచుకొను తీగకు రెండు పూటల నీరు అనవసరము. ముఖ్యముగా చలికాలమున, బెంగళూరు రాత్రులు చల్లబడినపుడు, నీరు తగ్గించి దానిని విశ్రమింపనిచ్చుట మేలు.

కాబట్టి మేము చేసిన సేవలో అధిక భాగము తీగకొరకు చేసినది కాదు. మా మనశ్శాంతి కొరకు చేసినది. ఏదో ఒకటి చేయనిదే మాకు తోచకుండెను. ఇచ్చువానికి ఇచ్చుటయందు ఒక సుఖము కలదు. పుచ్చుకొనువానికి అది అవసరమా కాదా యని విచారింపనీయని సుఖమది. పిల్లలకు ఒక చదువు చాలదని మరియొకటి, ఒక గురువు చాలడని మరియొకడు, ఒక బడి బాగులేదని వేరొక బడి, ఇట్లు ఏటేట కుండీలు మార్చెడి తలిదండ్రులను మనము చూచుచున్నాము. ఆ బిడ్డలు బాగుగనే పెరుగుదురు. ఆకులకు లోపముండదు.

విసిగిన పిమ్మట మేము రెండవ తప్పు చేసితిమి. మొదటిదానికి ఇది సరిగా విరుద్ధము. పూయునపుడు పూయును, మన చేతిలో నేమున్నది యని కుండీని హాలులో ఒక మూల పుస్తకముల బీరువా ప్రక్కన పెట్టితిమి. వారమున కొకమారు నీరు పోయుట తప్ప మరేమియు చేయలేదు. దీనికి ఓర్పు అను మంచి పేరు కూడ పెట్టుకొంటిమి. గీతలో భగవానుడు ఫలాపేక్ష విడువుమనెను గదా యని సమర్థించుకొంటిమి. ఫలాపేక్ష విడువుమన్న మాటను కర్మనే విడువుమని అర్థము చేసికొనుట మనుజునికి ఎంత సులభము! రెండేండ్లు గడచెను. తీగ సన్నగిల్లెను, కణుపుకు కణుపుకు నడుమ దూరము పెరిగెను, ఆకులు వెలుగు వచ్చు దిక్కునకు మెడలు చాచెను.

ఇంటిలో పెంచెడి హోయా పూయకుండుటకు అన్నింటికన్న ముఖ్యకారణము వెలుతురు చాలమియే. మధ్యాహ్నపు తీవ్రమైన ఎండ దాని యాకులను మాడ్చును. కాని నీడ మూలలో అది బ్రతుకునే గాని పూయదు. తూర్పు కిటికీయొద్ద ఉదయపుటెండ రెండు మూడు గంటలు తగిలి, తక్కిన పగలంతయు మంచి వెలుతురున్నచో దానికి చాలును. ఓర్పునకును ఉపేక్షకును భేదము ఇక్కడ మాకు స్పష్టమైనది. వెలుతురులో నుంచి ఎదురుచూచుట ఓర్పు. చీకటిలో నుంచి ఎదురుచూచుట ఉపేక్ష. బయటికి రెండును ఒకే రీతిగా కనబడును. రెండింటియందును మనిషి చేతులు ముడుచుకొనియే యుండును. ఓర్పు వహించువాడు తాను చేయవలసిన ఒక్క పనిని ముందే చేసి కూర్చుండును. ఉపేక్షించువాడు దానిని చేయకయే కూర్చుండును.

2015వ సంవత్సరమున కుండీని తూర్పు కిటికీకి చేర్చితిమి. మరుసటి వేసవిలో మొట్టమొదట ఒక గుత్తి మొగ్గలు తొడిగెను. మా యానందమునకు మేర లేదు. ఆదివారమునాడు బంధువులు రాగా వారికి చూపుటకై కుండీని ఎత్తి హాలులో నడిమి బల్లపై పెట్టితిమి. ఇటునటు త్రిప్పి చూపితిమి. కొలది దినములలో మొగ్గలన్నియు పసుపుబారి రాలిపోయెను. మొగ్గ తొడిగిన హోయాను చోటు మార్చరాదు, వెలుగు దిక్కు మార్చరాదు అని అప్పుడు తెలిసికొంటిమి. మొగ్గ పది మందికి చూపదగిన వస్తువు కాదు. మన పిల్లవాడు మొదటి పద్యమును నేర్చిన దినముననే అతిథుల యెదుట నిలువబెట్టి చదువుమందుము. నోరు పెగలక వాడు నేల చూపులు చూచినచో మందలింతుము. అటుపిమ్మట వాడు పద్యమే యెత్తడు.

2017వ సంవత్సరము వేసవిలో తీగ నిజముగా పూచెను. గొడుగువలె వ్రేలాడు గుత్తి. ఒక్కొక్క గుత్తిలో చిన్న చిన్న నక్షత్రముల వంటి పువ్వులు. లేత గులాబి రంగు రేకులు, నడుమ ఎఱ్ఱని కిరీటము. చీకటి పడిన కొలదియు పరిమళము హెచ్చెను. పువ్వునుండి తేనె బొట్లు కారి కిటికీ గూటిపై అంటుకొనెను. మూడు గుత్తులు ఒకదాని తరువాత ఒకటి పూచి, కొన్ని దినములు నిలిచి, రాలిపోయెను. రాలిన పిమ్మట మూడు బోడి కాడలు మిగిలెను. ఒక్కొక్కటి అంగుళము పొడవు; ఆకు లేదు, చిగురు లేదు, అందము లేదు.

అప్పుడు మేము మూడవ తప్పు చేసితిమి. అన్నింటిలోను ఇదియే పెద్దది. గుమాస్తా యుద్యోగములో జీవితము గడపినవారము మేము. గడువు తీరిన కాగితములను వేరుచేసి తొలగించుట మా చేతికి అలవాటైన పని. బల్ల శుభ్రముగా నుండవలెను, పనికిరానిది కంటికి కనబడరాదు. పూచుట అయినది, ఇక ఈ కాడలెందులకు అని కత్తెర తెచ్చి మూడింటిని మొదలంట కత్తిరించితిమి. కోసిన చోట తెల్లని పాలు చుక్కలు చుక్కలుగా కారెను. పాలు కారుచుండగా చూచియు మాకు సందేహము కలుగలేదు.

కొన్నాళ్ళకు పొరుగింటి పెద్దమ్మగారు వచ్చి కిటికీవైపు చూచి, పూచిన కాడలేవి యని యడిగిరి. కత్తిరించితిమని చెప్పితిమి. ఆమె కొంతసేపు మాటలాడలేదు. తరువాత తమ భాషలో మెల్లగా వివరించిరి. ఇతర మొక్కలలో పూచిన కాడ పని తీరినదే కావచ్చును. హోయాలో అట్లు కాదు. ఏ కాడపై ఈ యేడు పూచినదో ఆ కాడపైననే మరుసటి యేడును పూచును. పూచినపుడెల్ల ఆ కాడ కొంచెము సాగును. రాలిన పూల గుర్తులు దానిపై చిన్న చిన్న గాట్లుగా మిగులును. ఎన్నో యేండ్లు పూచిన కాడపై ఆ గాట్లు వరుసగా కనబడును. దానిని కోసినచో తీగ చావదు. కాని కొత్త కాడను మరియొక కణుపున మొదటి నుండి పుట్టించుకొనవలెను. అందుకు ఎన్నేండ్లు పట్టునో యెవరు చెప్పగలరు? మా తీగ మరల పూచుటకు నాలుగేండ్లు పట్టెను.

ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. మూడు కాడలకై యింత బాధ యేల యని తక్కినవారు నవ్వవచ్చును. మాకు జ్ఞాపకమునకు వచ్చినది కాడలు కావు, మా తల్లిగారు.

మా పూర్వులు కోలారు సీమలో స్థిరపడినవారు. మా తల్లిగారు బడికి పోలేదు. ఆమె తెలుగు ఇంటి తెలుగు. ఒకటి అనుటకు ఒగటి యనెడివారు; ఎక్కడ అనుటకు యాడ యనెడివారు; కొంచెము అనుటకు రొంత యనెడివారు; నడుమ నడుమ కన్నడపు మాటలు దొరలుచుండెను. ఆమెకు కథలు లెక్కలేనన్ని వచ్చును. కైవారపు నారాయణ తాతగారి తెలుగు తత్త్వములు ఆమె నోట విన్నవే మాకును కొన్ని తెలియును. మేము కన్నడ బడిలో మెట్రిక్యులేషను చదివి, పిమ్మట స్వయముగా తెలుగు పుస్తకములు చదివి, శుద్ధమైన తెలుగును నేర్చుకొంటిమని గర్వించినవారము.

1994వ సంవత్సరమున మా కుమార్తెకు ఆరేండ్లు. ఒక సాయంకాలము మా తల్లిగారు దానికి కథ చెప్పుచుండిరి. "ఒగ ఊర్లో ఒగ అవ్వ ఉండెనంట" అని మొదలిడిరి. మేము ఆఫీసునుండి అప్పుడే వచ్చి, బిడ్డ యెదుటనే, "ఒగ కాదమ్మా, ఒక అనవలెను, పిల్ల తప్పులు నేర్చుకొనును" అంటిమి. ఆమె దిద్దుకొనిరి. మరి రెండు మాటలకు మరల దిద్దితిమి. మరునాడును దిద్దితిమి. మేము కోపముతో అనలేదు. బిడ్డ మేలుకోరియే యంటిమి.

కొన్ని దినములకు ఇంటిలో కథలు నిలిచిపోయెను. మేము చాలకాలము గమనింపలేదు. గమనించి అడిగినపుడు ఆమె, "నా మాట సరిలేదంట గదా నాయనా. బిడ్డ తప్పు నేర్చుకుంటే నీకు చెడ్డ పేరు" అనిరి. అందులో నిష్ఠురము లేదు. నిజముగనే అట్లు నమ్మిరి. అది మొదలు మనుమరాలితో అంగడిలో నేర్చిన కన్నడములోనే మాటలాడిరి. కన్నడము మనకు అన్నము పెట్టిన భాష. దానిపై మాకే ఫిర్యాదును లేదు. కాని ఆమె కథలు కన్నడములో లేవు. 2009వ సంవత్సరమున ఆమె కాలధర్మము నొందువరకును ఆ కథలు తిరిగి వినబడలేదు. శుద్ధమైన తెలుగు నేర్పుదుమన్న మాకు నిత్యము నేర్పుటకు తీరిక లేకపోయెను. నేడు మా కుమార్తెకు తెలుగు వినిన అర్థమగును; నోట రాదు.

మేము కత్తిరించినది బోడి కాడ యనుకొంటిమి. తరువాత నిఘంటువులు త్రిప్పి చూడగా, మేము దిద్దిన "యాడ" యను మాట కావ్యభాషలోని "ఏడ" యే యని తెలిసినది. రొంత యనునది రవంతయే. పుస్తకములలో పూచిన పూలు రాలిపోయినను, ఆ గుర్తులు ఆమె నాలుకపై గాట్లుగా నిలిచియుండెను. చదువుకొన్నవారము మేము, వానిని చదువలేకపోయితిమి.

ఇక్కడ ఒక యాక్షేపణ రావచ్చును. అట్లయినచో దేనిని దిద్దరాదా? దేనిని కత్తిరింపరాదా? భాషకు ఒక కట్టుబాటు వలదా? ఈ వ్యాసమును సైతము మీరు ఇంటి మాటలలో వ్రాయలేదే యని మమ్మడుగవచ్చును. ఆక్షేపణ సమంజసమైనదే. కట్టుబాటు కావలెను. వేర్వేరు రాష్ట్రములలోని మన వ్రాత ఒకరికొకరికి తెలియవలెనన్న అందరికిని పొత్తైన భాష కావలెను. తీగకును కుళ్ళిన వేరు తీసివేయవలెను; నల్లబడిన కొమ్మ తొలగింపవలెను. కాని చచ్చిన కాడకును విశ్రమించు కాడకును భేదము తెలియని చేతికి కత్తెర తగదు. హోయా కాడ నిజముగా చచ్చినచో ముడుచుకొని, ముట్టుకొనగానే తానే ఊడివచ్చును. దానికి కత్తెర అక్కరలేదు. కత్తెర యవసరమైనదన్న, లోపల పాలున్నవని యర్థము. బిడ్డకు బడిలో "ఒక" యని నేర్పవచ్చును. అవ్వయొద్ద "ఒగ" యని విననీయవచ్చును. రెండును ఒకే నోట నిలువగలవు. మేము రెండవదానిని త్రుంచి మొదటిదానిని నిలుపబోయితిమి, రెండును పోయెను.

మరియొక సంగతి చెప్పవలసియున్నది. నర్సరీలలో ఒక హోయా ఆకును చిన్న కుండీలో నాటి అమ్ముచున్నారు. అది హోయా కెర్రీ యను జాతి యాకు. హృదయాకారముగా నుండును గనుక ఫిబ్రవరి మాసమున ప్రేమికులు కొనుక్కొని కానుకగా నిచ్చుకొందురు. ఆ యాకు వేరు తొడుగును. ఏండ్ల తరబడి పచ్చగనే నిలుచును. కాని కాండముయొక్క కణుపు దానితో రాకున్నచో అది యెన్నటికిని తీగ సాగదు, పూయదు. ఆకుగా వచ్చి ఆకుగనే యుండును. మన సంఘముల వార్షికోత్సవములలో పిల్లలు ఒక్క పద్యమును కంఠస్థము చేసి వేదికపై చదువుదురు. మేమును చప్పట్లు కొట్టుదుము, అది మంచిదే. అయినను ఆ పద్యముతో కణుపు వచ్చినదా యని యొకమారు విచారింపవలెను. కణుపన్న వేరేమియు గాదు. ఇంటిలో ఆ భాషలో వారిని అన్నమునకు పిలుచు ఒక గొంతు. అది యున్నచో ఒక్క పద్యమునుండి తీగ సాగును. లేనిచో పద్యము పచ్చగనే యుండును, మరుసటి యేడును అదే పద్యము.

మొదటి ప్రశ్నకు మరల వత్తుము. ఒక ప్రాణి వికసించుటకు వేరొక ప్రాణి చేయదగినది ఎంత? మా యనుభవమున తేలినది ఇంతే. పువ్వును మనము తేలేము. అది తీగలోనే యున్నది. తుదకు అది పూచునది మన కొరకును కాదు, రాత్రివేళ పరిమళమునకు వచ్చెడి కీటకముల కొరకు. మనకు చూచు భాగ్యము మాత్రమే. మన పని వెలుతురు చూపుట, మితముగా పోషించుట, మొగ్గ వేళ కదల్పకుండుట, పూచిన కాడను కాచుట. ఈ నాలుగింటిలో మొదటి రెండే చేయుట. తక్కిన రెండును చేయకుండుట. చేయుట మాకు చిన్ననాటనే నేర్పిరి; చేయకుండుటను ముసలితనమున ఒక తీగ నేర్పెను. పూయించుట మనుజుని ధర్మము కాదు, పూయనిచ్చుట ధర్మము. పూయనిచ్చుట సులభమని యెవరైన తలచినచో, బోడి కాడను ప్రతిదినమును చూచుచు కత్తెర పట్టకుండుట యెంత కష్టమో వారు ఒక యేడు పరీక్షించి చూడవచ్చును.

ఇట్లనుట వలన మా తప్పు మాసిపోదు. తీగకు కొత్త కాడలు వచ్చెను. 2021వ సంవత్సరము నుండి ఏటేట పూచుచున్నది. అదే కాడలపై గాట్లు పెరుగుచున్నవి. మా తల్లిగారు రారు. మనిషిని కత్తిరించిన చోట మరియొక కణుపున ఆమెయే పుట్టదు. పశ్చాత్తాపముచే పోయినది తిరిగివచ్చునని చెప్పెడి నీతికథలను మేము నమ్మము.

అయినను ఒక్క సంగతి చెప్పి ముగింతుము. గడచిన వేసవిలో, హోయా పూచియున్న దినములలో, మా కుమార్తె తన బిడ్డతో వచ్చెను. రాత్రి బిడ్డను నిద్రపుచ్చుచు, అవ్వ చెప్పెడి కథ ఎట్లు మొదలగునని కన్నడములో మమ్మడిగెను. మేము చెప్పబోవుచుండగా, తానే కొంత తడుముకొని, "ఒగ ఊర్లో ఒగ అవ్వ" అని, ఆపై మాట రాక నిలిచెను. ముప్పదియేండ్లు ఆ రెండు మాటలును ఎచ్చట దాగియుండెనో మాకు తెలియదు. మేము దిద్దలేదు. "ఉండెనంట" అని మాత్రము అందించితిమి. తక్కిన కథ మాకు పూర్తిగా జ్ఞాపకము లేదు, జ్ఞాపకమున్నంతవరకు చెప్పితిమి.

ఇంటిలో వృద్ధులున్న సోదరసోదరీమణులకు మా మనవి యొక్కటియే. వారి మాట మీ పుస్తకములోని మాటవలె లేకపోవచ్చును. వినుడు. పిల్లలను విననిండు. కత్తెరను బల్లసొరుగులో నుంచుడు.